ఎండయుండగా వెలుగని యిల్లు

వర్షర్తువు తన మేఘపరివారముతో నిష్క్రమింపగా శరత్కాలసూర్యుడు తూర్పుకడలి నుండి వెడలి నారికేళవనశిఖరములకు బంగరుపూత పూయుచు సోంపేట చేరువనున్న యొక తీరగ్రామపు డాబాలనన్నిటిని సమదృష్టితో కాయుచుండెను. చూచువారి కది ప్రసన్నకాలము. ఆ తీరవాసులకు మాత్రము తుఫానుల కాలము.

ఆ యూరి కొబ్బరివర్తకుడగు దాలినాయుని యిల్లాలు నీలవేణి యైదవ తరగతితో చదువు చాలించినదయ్యును రాబోవు కీడు నూహించుటయందు మాత్రము మహాపండితురాలు. ఆమె యేకైకపుత్రిక హిమజకు ఉబ్బసము. ఊపిరి బిగిసినపుడు మందును మంచుపొగవలె జేసి యందించు నెబ్యులైజరు మిషనే యా బాలకు ప్రాణాధారము. ఆ మిషనుకు కరెంటు ప్రాణాధారము. గతవత్సరపు తుఫానున స్తంభములు కూలి యూరెల్ల చీకటి కాగా మోటారుసైకిలుపై బిడ్డను గుండెల కదుముకొని కూలిన చెట్ల నడుమ నాసుపత్రికి పోయిన యా తల్లికి నాటినుండి గాలి వీచినను గుండె దడయే.

కావున బిల్లు తగ్గునను నాశతో భర్త సోలారు పలకల మాట యెత్తినపుడు ప్రతిదానికి బెదరు నామె వెంటనే సమ్మతించెను. నెత్తిపై నెండయుండగా నిక మిషను ఆగుట యెక్కడిదని యామె తలపు.

పట్టణమునుండి కంపెనీ మనిషి లోకనాథ పాత్రో వచ్చి డాబా కొలిచెను.

"బిల్లు సున్నా అయిపోతాది నాయుడుగారూ. కొన్నేళ్లకి పెట్టిన డబ్బూ వచ్చేస్తాది."

కొబ్బరి కోరుచున్న అత్త సూరమ్మ నవ్వెను. "మా కోడల్ని అడుగు బాబూ. పిడుగు పడితే ఏటి, కోతి ఎక్కితే ఏటి అని అడిగీదాకా దానికి కూడు దిగదు."

"పిడుగు సంగతి తరవాత అడుగుతానత్తా. తుఫానుకి లైను తెగిపోయి మర్నాడు ఎండ కాసిందనుకో. అప్పుడు పాప మిషను ఆడతాదా బాబూ?"

పాత్రో చేతి టేపు నిలిచెను. "ఆడదమ్మా. లైన్లో కరెంటు లేకపోతే ఇదీ ఆగిపోతాది."

"అంత ఎండ పెట్టుకుని ఎందుకాగిపోవాల?"

"మీ కరెంటు వీధి తీగలోకి ఎల్లిపోతే, స్తంభమెక్కిన లైన్‌మేన్‌కి షాకు కొడతాది. అందుకే దానంతటదే ఆగిపోయేలాగ పెట్టారు."

"ఓస్ అంతేనా," అనెను దాలినాయుడు. "ఆ ఆపీదేదో పీకించీదాం. ఎవులికి తెలుస్తాది?"

కన్నబిడ్డ యూపిరి యొకవంకను ముఖమెరుగని పరాయివాని ప్రాణ మింకొకవంకను నిలువగా ఏ తల్లియు కోరరాని యా తూనికను చేతబట్టి నీలవేణి వీధిలోని కరెంటు స్తంభమువంక చూచెను.

"వద్దు. ఆడికీ ఇంటికాడ అమ్మ ఉంటాది. నాలాగే గుమ్మంలో కూకుంటాది."

సూరమ్మ కోరుట మానెను. "మరి మన గుంట ఊపిరి మాటేటి?"

తీగ తెగిన క్షణముననే యింటిని వీధినుండి వేరుచేసి కావలసిన గదికి మాత్రము కరెంటు నిచ్చు బ్యాటరీ గలదనియు పలకలకు పెట్టు సొమ్ముతోనే యదియు కొన్నచో పలకలు సగమే వచ్చుననియు పాత్రో చెప్పెను.

"బిల్లు సున్నా అని ఊరంతా చెప్పీసినాను," అని దాలినాయుడు గొణిగెను.

"సగమని చెప్పు. నీ నోరేటీ అరిగిపోదు," అనెను తల్లి సూరమ్మ. అతడు దీర్ఘముగా నిశ్వసించి సగము పలకలకే తలయూపెను.

పలకలు బ్యాటరీ యమరిన పిమ్మట నొక మిట్టమధ్యాహ్నమున పరుల మాటను నమ్ముట యెరుగని నీలవేణి బిడ్డ ముక్కునకు మాస్కు తొడిగి మందునకు మారుగా సెలైను ఉప్పునీరు పోసి మిషను నడిపి తానే పోయి మెయిన్ స్విచ్చి దించెను. వసారాలో ఫ్యాను నిలిచెను. వంటింట ఫ్రిజ్జు మూగవోయెను. పడకగదిలో మాత్రము మిషను గుర్రుమనుచునే యుండెను.

"నాకు ఆయాసం లేదు కదే అమ్మా," అనెను హిమజ మాస్కులోనుండి.

"లేనప్పుడే చూసుకోవాలమ్మా. పీల్చు."

వస్తువు వెల కొన్ననాడు తెలియును. విలువ యక్కరపడినదినమున గాని తెలియదు. ఆ దినము రాకుండుగాక యని మొక్కుచు నా తల్లి చెవి తలుపున కానించి నిలువగా కిటికీ యెండలో తెల్లని యావిరి బాలిక ముఖము చుట్టును మెల్లమెల్లగా లేచుచుండెను.