పదమూడో ఎక్కం

గంగాధరరావు మేష్టారు కనబడకుండా పోయి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆయన భార్య కనకలత ఐర్లండ్‌లోని ములింగార్‌లో కూతురి వంటింట్లో నిలబడి ఫోన్ చెయ్యని బర్మా ఆఫీసు లేదు. అందరూ ఒకే మాట చెప్పారు. "ఆ పేరుగలవారు మా అదుపులో లేరు."

మేష్టారి కుటుంబానిది బర్మాలోని మౌల్మీన్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. ఆయన బర్మా పిల్లలకి లెక్కలు చెప్పేవారు. సైన్యం గద్దెనెక్కాక, వీళ్ల కింద ఉద్యోగం చెయ్యబోమని బడి మానేసిన టీచర్లలో ఆయన కూడా ఉన్నారు. పట్టుకుపోతారని తెలిసి సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో తలదాచుకున్నారు. కూతురు విజేత తల్లిని ఐర్లండ్ రప్పించుకుంది. తండ్రికి వీసా ప్రయత్నాలు చేస్తూ ఉండగానే ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎవరో ఇద్దరు ఆయన్ని బండెక్కించారు. ఆ బండి నది దాటి బర్మా వైపు వెళ్లిందని కొట్టువాడు చెప్పాడు. మేం పట్టుకోలేదని ఇటువాళ్లన్నారు, మా దగ్గరికి రాలేదని అటువాళ్లన్నారు. నిండు మనిషి రెండు దేశాల మధ్య ఆవిరైపోయాడు.

"ఆయన తమ దగ్గరే ఉన్నారని వాళ్లచేత ఒప్పించడమే మొదటి మెట్టు," అంది డబ్లిన్‌లో వీళ్ల కేసు చూస్తున్న లాయరమ్మ. "కోర్టులో పేరు పలికిన మనిషిని మాయం చెయ్యడం కష్టం. పేరే లేని మనిషినైతే ఏం చేసినా అడిగేవాళ్లుండరు."

కనకలత ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో హెడ్మాస్టరు గొంతుతో బడికి ఫోన్ చేసి, మొగుడికి ఒకపూట సెలవు మంజూరు చేసి, ఆయన్ని బర్మా కొత్త సంవత్సరపు నీళ్ల పండక్కి లాక్కుపోయిన ఇల్లాలు. సంగతి తెలిశాక మేష్టారు కోపంతో పదమూడో ఎక్కం చదివారు. కోపమొచ్చినా భయమేసినా ఆయన నోట వచ్చేది అదొక్కటే. తిట్టడం కంటే నయం, విన్నవాళ్లకి లెక్కలైనా వస్తాయి అనేవారు.

మార్చి నెలలో మౌల్మీన్ నుంచి ఆమె తమ్ముడు హేమచంద్ ఫోన్ చేశాడు. అతనికక్కడ టీ దుకాణం ఉంది.

"అక్కా, ఊరికి దూరంగా క్యాంపు ఒకటుందట. సరిహద్దు నుంచి తెచ్చినోళ్లని అందులో పెడతన్నారట. దాని ఆఫీసరు మా కొట్టుకే వస్తాడు. నేనడిగితే నన్ను కూడా లోపలేసేస్తారు. ఒకటి మాత్రం తెలిసింది. వాడికి జాతకాల పిచ్చి. ఏ చెప్పు ముందు తొడగాలో కూడా జ్యోతిష్కుడిని అడుగుతాడు. ఆ జ్యోతిష్కుడు మొన్ననే పోయాడు. పై పదవి కూడా రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయిందట, గోల పెడతన్నాడు."

"నంబరుందేటి వాడిది?" అంది కనకలత.

మర్నాడు విజేత డబ్లిన్ పక్కన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో తను పనిచేసే మందుల కంపెనీకి వెళ్లిపోయింది. ఇంట్లో అల్లుడు రఘువీర్ ఒక్కడే మిగిలాడు. అతనిది గుంటూరు, ములింగార్ ఆస్పత్రిలో డాక్టరు. పార్కింగ్ గడువు ఇంకా పది నిమిషాలుండగానే పరుగెత్తుకెళ్లి కారు తీసేసే మనిషి. ఆ రోజు అతనికి సెలవు.

"బాబూ, ఈ పూట మీరు గురువుగారు," అంది కనకలత.

"ఎవరికండీ?"

"బర్మా సైన్యానికి."

ఆమె ఇక్కడివాళ్లు ప్రెస్ అనే వంటింటి అలమారా తలుపు తీసి, పప్పుల డబ్బాల వెనకనుంచి పూజ గంట బయటికి తీసింది. "మీకు బర్మా మాట రాదు గదా, అంచేత మీరు మౌనవ్రతంలో ఉన్నారు. నేను ఒక వేలెత్తితే ఒకసారి కొట్టండి, అవునని. రెండెత్తితే రెండుసార్లు, కాదని."

"అత్తయ్యగారూ, ఇది ఫ్రాడండీ! నా రిజిస్ట్రేషన్ పోద్ది. గార్డ్స్ ఇంటికొస్తారు."

ఇక్కడి పోలీసుల్ని అందరూ గార్డ్స్ అనే అంటారని కనకలతకి తెలుసు. "రానీండి, టీ ఇద్దాం. ఎవుళ్లని మోసం చేసేవమ్మా అనడుగుతారు. చెప్పేనంటే ఇంకో కప్పు పొయ్యమంటారు."

రఘువీర్ గంట పట్టుకుని, ఇంజెక్షన్ కోసం కూర్చున్న పిల్లాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె స్పీకరు నొక్కింది.

"ఎవరు? ఎక్కడిదీ నంబరు?" అని కసిరింది అవతలి గొంతు, బర్మా భాషలో.

కనకలత గొంతు మార్చింది. అది తొందరలేని సన్యాసిని గొంతు. "పడమటి సముద్రంలో పాములు లేని దీవి ఒకటుంది నాయనా. అక్కణ్ణుంచి గురువుగారు మాట్లాడమన్నారు."

"పాములు లేని దీవా?"

"ఒక్కటీ లేదు. ఒక మహానుభావుడు వచ్చి అన్నింటినీ సముద్రంలోకి తరిమేశాడని ఇక్కడివాళ్లు చెబుతారు. ఐర్లండ్ అంటారు. వెతికి చూసుకో."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. ఆఫీసరు నిజంగానే వెతుకుతున్నాడు. మళ్లీ మాట్లాడేసరికి గొంతులో కసురు లేదు. "నిజమేనమ్మా. పాముల్లేవట."

"రెండుసార్లు పదవి నీ చేతిదాకా వచ్చి జారిపోయిందని గురువుగారికి ధ్యానంలో కనబడింది." వేలెత్తింది. గంట మోగింది. "నీ కప్పు కింద శనివారం పుట్టినవాడొకడున్నాడు. నాగు గుర్తువాడు. అరవై దాటినవాడు. తాతలది సముద్రం అవతలి నేల." బర్మాలో జాతకం పుట్టిన వారాన్ని బట్టే చెబుతారు, శనివారానికి గుర్తు నాగుపాము.

"లేడమ్మా," అన్నాడు ఆఫీసరు చటుక్కున. "అలాంటివారెవరూ మా అదుపులో లేరు."

ఏడాదిగా విన్న ముక్కే. కనకలత ఎడంచెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. కుడిచేతి రెండు వేళ్లు లేచాయి. గంట రెండుసార్లు మోగింది.

"గురువుగారు కాదంటున్నారు. ఆ మనిషి పెదవులు ఊరుకోవట. ఏదో జపిస్తూ ఉంటాడట. ఆ జపమే నీ పదవిని తినేస్తోంది."

అవతల తలుపు మూసిన చప్పుడు. ఆఫీసరు గొంతు తగ్గించాడు. "ఆ ముసలాడా? ఎప్పుడూ గొణుగుతూనే ఉంటాడు. మా కాపలావాళ్లు వాడి గది దగ్గరికి వెళ్లాలంటే భయపడుతున్నారు. ఏం మంత్రమమ్మా అది?"

"గుర్తున్నంత అను. గురువుగారు వింటారు."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. బడిపిల్లాడిలా ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ అన్నాడు. "పదమూ రెల్లూ ఇరవయ్యాలూ... పదమూ మూల్లూ ముప్పయ్ తొమ్మీ..."

అప్పటిదాకా రఘువీర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది అర్థమైంది. గంట చేతిలోంచి జారి, గచ్చుమీద ఖంగున మోగి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

"ఏమైందమ్మా?" అని హడలిపోయాడు ఆఫీసరు.

"గురువుగారు ఆగ్రహించారు," అంది కనకలత. గొంతు కొంచెం కూడా వణకలేదు. కన్నీళ్లు మాత్రం గడ్డం మీంచి జాకెట్టు మీద పడుతున్నాయి.

"విరుగుడు చెప్పండి తల్లీ!"

"అతని పేరేమిటి?"

"పేరు లేదమ్మా. సరిహద్దు నుంచి వచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా ఎక్కించొద్దని పైనుంచి ఉత్తరువు."

"పేరు లేనివాడి శని ఎవరి మీద పడుతుంది మరి? కాపలా ఉన్నవాడి మీదే పడుతుంది. పట్టపగలు జడ్జి ఎదుట నిలబెట్టి అతని పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ గట్టిగా పిలిపించు. అప్పుడు అతని శని అతనికే ఉంటుంది, నీ పదవి నీకొస్తుంది."

"పైవాళ్లు ఒప్పుకోకపోతే?"

"వాళ్లకి మాత్రం పదవుల ఆశ లేదా? వాళ్లకీ ఇదే చెప్పు."

ఆమె ఫోన్ పెట్టేసింది. రఘువీర్ గంట కోసం బల్ల కింద దూరి అక్కడే కూర్చుండిపోయాడు. "ముప్ఫై తొమ్మిది అన్నాడండీ," అన్నాడు కిందనుంచి.

"అన్నాడు నాయనా."

"కరెక్టేనండీ."

అంతే, ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆగితే ఏడుపొస్తుందేమోనని నవ్వుతూనే ఉన్నారు.

కంపెనీ నుంచి వచ్చి సంగతంతా విన్న విజేత నవ్వలేదు. ఏడ్చింది. ఆ తర్వాత తల్లి మీద విరుచుకుపడింది. "నాన్న ఇంతకాలం ఓ మూల గొణుక్కునే ముసలాయన అమ్మా. ఇప్పుడు వాడి పదవి తినేసేవాడైపోయాడు. నోరు మూయించడానికి కొడితేనో? ఇంకేమైనా చేస్తేనో?"

తన తెలివికి తానే మురిసిపోయిన కనకలత ఆ మాట ఆలోచించలేదు. అన్నం ముట్టలేదు. తెల్లారి అల్లుడు ఆస్పత్రికి వెళ్లేలోపే మళ్లీ ఫోన్ తీసింది. ఈసారి గంట కూడా అడగలేదు.

"నాయనా, ముఖ్యమైనది చెప్పమని గురువుగారు మళ్లీ పంపారు. అతని ఒంటిమీద ఎవరి చెయ్యి పడినా ఆ చెయ్యి చచ్చుబడిపోతుంది. జాగ్రత్త."

అవతల ఆఫీసరు నెమ్మదిగా అడిగాడు. "ఇప్పటికే పడి ఉంటేనమ్మా?"

వంటింటి కిటికీ అవతల వాన పడుతోంది. పక్కింటావిడ బ్రిడీ చెత్తడబ్బా వీధిలోకి లాక్కెళుతోంది. కనకలతకి ఆ చేతులు ఎవరివో, ఎన్నిసార్లు పడ్డాయో అడగాలని ఉంది. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాలని ఉంది. సన్యాసినులు తిట్టరు. ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఆ చేతులతోనే అతనికి అన్నం పెట్టాలి. కడుపునిండా పెట్టాలి. శనివారం రెండు అరటిపళ్లు, అన్నంలో నెయ్యి."

"నెయ్యి ఇక్కడ దొరకదమ్మా."

"నువ్వుల నూనె పనికొస్తుంది," అని కనికరించింది కనకలత.

తర్వాత రోజులు భారంగా నడిచాయి. అక్కడ గొణిగేది ఆయనేనని ఒక పూట ధైర్యం, తొందరపడి చంపుకున్నానని ఇంకో పూట గుబులు. కాలవ గట్టున నడుస్తూ ఆమె కూడా పదమూడో ఎక్కం అనుకునేది. పదమూడేళ్లు తొంభై ఒకటి దగ్గర ఎప్పుడూ తడబడేది.

మే నెలలో ఒక ఉదయం హేమచంద్ ఫోన్ చేశాడు. అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో మొదట తెలియలేదు. "అక్కా! బావని కోర్టుకి తెచ్చేరు! పేరెట్టి పిలిచేరు, తండ్రి పేరు, ఊరి పేరు, అన్నీ! రోడ్డవతల నిలబడి ఈ కళ్లతో చూసేను. చిక్కిపోయేడు. కళ్లజోడు లేదు. ముందు పళ్లు రెండు లేవు. కానీ తన కాళ్లమీద తనే నడిచేడక్కా!"

"శిక్షేటి వేసేరు?"

"లోపలున్న ప్లీడరు గుమస్తా చెప్పేడు. ఒక కేసులో రెండేళ్లు, ఇంకోదాన్లో ఏడాదిన్నర. మొత్తం మూడేళ్లని చదివేడట జడ్జి. బావ ఊరుకోకుండా, 'మూడున్నర' అన్నాడట!"

"ఆరి దేవుడా! ఆర్నెల్లు పెంచుకున్నాడా?"

"లేదులే, ప్లీడరు కాలు తొక్కేడట. జడ్జికి వినబళ్లేదు."

ఆ పూట కనకలత రవ్వలడ్డూలు చేసింది. విజేత ఒక పక్క కళ్లు తుడుచుకుంటూ ఇంకో పక్క ఉండలు చుట్టింది. పళ్లెం పట్టుకుని కనకలత పక్కింటికి వెళ్లింది.

"ఏమిటి విశేషం?" అంది బ్రిడీ.

"మా ఆయనకి మూడేళ్లు జైలు," అంది కనకలత తనకొచ్చిన ఇంగ్లీషులో, మొహమంతా నవ్వుతో.

బ్రిడీ లడ్డూ నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడే కథంతా విన్నాక కనకలతని గట్టిగా కౌగిలించుకుని, "దట్స్ గ్రాండ్," అంది. తర్వాత రెండో లడ్డూ తీసుకుంది. మేష్టారిని మామూలు జైలుకి మార్చారు. హేమచంద్ నెలకోసారి చూడొచ్చు, తినడానికి పంపొచ్చు. ఇక ఆయన లేరని ఎవరూ అనలేరు. లాయరమ్మ పై కోర్టు పని మొదలుపెట్టింది. అంతా తన వాదన ఫలితమే అనుకుంటోంది. ఎవరూ కాదనలేదు.

కనకలత అంతటితో అయిపోయిందనుకుంది. ఆఫీసరు మాత్రం అనుకోలేదు. తనకిప్పుడు కంటినిండా నిద్ర పడుతోందట. కూతురికి వచ్చిన సైనికాఫీసరు సంబంధం నప్పుతుందా అని ఒకసారి, ఇంటిముందు బావి తవ్వించొచ్చా అని ఒకసారి ఫోన్ చేశాడు. నప్పదని ఒకటి, తవ్వమని ఒకటి చెప్పిందామె. పిల్లనైనా కాపాడాననుకుంది.

జూన్‌లో మేష్టారి సంగతి విని, ఐర్లండ్‌లోనే ఉన్న కార్లో అనే ఊరి నుంచి ఆయేషా అనే అమ్మాయి వచ్చింది. బర్మాలో వాళ్ల ఊరు తగలబడితే, శిబిరాల్లో పెరిగి, చివరికి ఐర్లండ్ చేరిన రొహింగ్యా ముస్లిం పిల్ల. ఆమె తమ్ముడు సమీర్ కూడా ఆ సరిహద్దులోనే ఎవరి బండో ఎక్కి మాయమయ్యాడు. కనకలత, ఆయేషా బర్మా భాషలోనే మాట్లాడుకున్నారు.

"పుట్టిన వారం చెప్పమ్మా."

"బుధవారం మధ్యాహ్నం. కానీ ఆంటీ, మావాళ్లు జాతకాలు నమ్మరు."

"నేనూ నమ్మనమ్మా. నమ్మేవాడు ఫోన్ అవతల ఉన్నాడు."

ఫోన్ కలిశాక ఆఫీసరు అంతా శ్రద్ధగా విన్నాడు. బుధవారం మధ్యాహ్నం పుట్టినవాడు, కనుబొమ్మ మీద మచ్చ, పాతికేళ్లు. "లేడమ్మా," అన్నాడు. ఆయేషా తల వంచుకుంది. "ఒట్టు, నా దగ్గర నిజంగానే లేడు. నది పక్కన ఇంకో క్యాంపు ఉంది. అక్కడికి చాలామంది కుర్రాళ్లని తెచ్చారు. ఆ ఆఫీసరు నా స్నేహితుడే. వాడికి కూడా పదవి ఆగిపోయింది పాపం. నంబరిస్తాను. నేను చెప్పానని చెప్పండి."

కనకలత నంబరు రాసుకుని, ఆ ఫోన్ పెట్టేసి, వెంటనే కొత్త నంబరు నొక్కడం మొదలుపెట్టింది. ఆయేషాకి కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెళ్లి, ఏం చేస్తోందో తెలియకుండానే కెటిల్ స్విచ్ వేసింది.

"కెటిల్ ఆపమ్మా," అంది కనకలత, గొంతు మార్చుకుంటూ. "ఆశ్రమంలో ఆ చప్పుడు బావుండదు."