గేటు దగ్గర నీలి చుక్క

పొద్దున్నే లేచి కత్తెరమ్మ చేసే మొదటి పని కత్తెరలకు నూనె పెట్టడం. తర్వాత దువ్వెనలు వేడినీళ్ళలో వేస్తుంది. అవి ఆరేలోగా, కాస్త బెదురుతూనే, ఫోను తెరిచి తన చుక్క ఎక్కడుందో చూసుకుంటుంది.

కత్తెరమ్మ అన్నది ఇళ్ళవాళ్ళు పెట్టిన పేరు. కంపెనీ పెట్టిన పేరు ‘గృహ కేశ సంరక్షణ నిపుణురాలు’. ఆ పేరుతో పిలవాలంటే మధ్యలో ఓసారి ఊపిరి పీల్చుకోవాలి గనక ఎవరూ పిలవరు. జుట్టు కత్తిరించుకోవాలనుకున్నవాళ్ళు కంపెనీ యాప్ తెరిచి నొక్కితే, ఆవిడ సంచీ భుజాన వేసుకుని వాళ్ళింటికే వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకి మ్యాప్‌లో నీలి చుక్కగా కనిపిస్తుంది. కంపెనీకీ కనిపిస్తుంది. కంపెనీవాళ్ళు ఆవిడ మొహం ఎన్నడూ చూసి ఎరగరు, చుక్క మీంచి మాత్రం చూపు తిప్పరు.

ఆ చుక్క కొంతకాలంగా ఆవిడ దగ్గర ఉండడం లేదు.

“మీ చుక్క అప్పుడే బయల్దేరిందమ్మా,” అంది మూడో అంతస్తు మేడమ్, మెడచుట్టూ గుడ్డ కట్టించుకుంటూ ఫోన్లోకి చూసి. “రైల్వే గేటు కూడా దాటేసింది.”

“పోనివ్వండి. తల కాస్త వంచండి.”

“మా ఆయనదీ అంతేలెండి. మనిషి ఆఫీసులో ఉంటాడు, చుక్క ఆటస్థలంలో ఉంటుంది. బట్టతల వచ్చినా బంతి మీద యావ పోలేదు. వెనకాల మరీ ఎక్కువ తీయకండేం.”

ఇలా చెప్పి మేడమ్ ఆ సంగతి వదిలేసి, పనిమనిషి రాలేదన్న సంగతి ఎత్తుకుంది. చుక్కల గురించి ఎవరూ అంతకంటే ఎక్కువ మాట్లాడరు. మనిషి మనసు ఎటో పోవడం కొత్తేం కాదు, దాంతోపాటు చుక్క కూడా పోతే ఎవరికేం నష్టం?

నష్టమల్లా కంపెనీకే. కత్తెరమ్మ ఒకరి చెవి పక్కన జాగ్రత్తగా కత్తెర ఆడిస్తూ ఉంటే నడుం దగ్గర దోపుకున్న ఫోను గుర్రుమనేది: ‘మీరు సేవా స్థలంలో లేరు.’ ఎదురుగా మనిషి కూర్చుని ఉంది, చేతిలో ఆ మనిషి జుట్టుంది, అయినా లేరట. అలా లేరన్న ప్రతిసారీ ఆవిడ రేటింగు ఓ మెట్టు దిగేది.

చుక్క వెళ్ళే చోటు ఎప్పుడూ ఒక్కటే. రైల్వే గేటు దాటి, చెక్కల అడితి పక్కనుంచి, మందుల షాపు దగ్గర కుడివైపు తిరిగి, ముందుకు దారిలేని ఓ సందు చివర ఒక గేటు ముందు ఆగేది. లోపలికి వెళ్ళేది కాదు. అలాగని ఓ పట్టాన తిరిగి వచ్చేదీ కాదు. ఎండలో వానలో అక్కడే నిలబడేది.

ఆ సందులోకి కత్తెరమ్మ ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా ఆ గేటు వెనక ఎవరుంటారో మొదటిరోజే తెలిసిపోయింది. ఆవిడ మనసు పోవడానికి లోకంలో ఇంకో చోటు లేదు.

ఆవిడకి ఒక్కతే చెల్లెలు. ఇద్దరూ కలిసి ఆవిడ ఇప్పుడుంటున్న గదిలోనే ఉండేవాళ్ళు. చెల్లెలు బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునేది. నిరుడు జబ్బు చేసింది. పేరు చెబితేనే ఎదుటివాళ్ళ గొంతు మారిపోయే జబ్బు. ఆ మారిన గొంతులు వినడం ఇష్టంలేక, ఏదో కోర్సు చదువుతున్నానని బ్యాంకులో చెప్పి సెలవు పెట్టింది. మందులకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలయ్యాక, “దానంతటదే రాలిపోయేదాకా ఎవరు చూస్తారు, నువ్వే తీసెయ్యక్కా,” అంది. కిటికీ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. అక్క గుండు గీసింది. గీస్తున్నంతసేపూ ఇద్దరికీ ఏడుపొచ్చింది. గీయడం అయ్యాక అద్దంలో చూసుకుని చెల్లెలు పకపకా నవ్వింది.

“చిన్నప్పుడు అమ్మ ఊరికే తిట్టిపోసేది. తల ఇంత గుండ్రంగా ఉంటే లోపల లెక్కలు నిలబడకుండా ఎలా దొర్లిపోయాయంటావ్?”

అప్పుడు జరిగింది ఆ పొరపాటు. ప్రతి తలకీ పనికి ముందొక ఫొటో, పనయ్యాక ఒక ఫొటో తీయాలని కంపెనీ నియమం. ఏళ్ళ తరబడి అదే పని కావడంతో, కత్తెర కింద పెట్టగానే ఆవిడ చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది. ముందు ఫొటో కూడా అలాగే తీసింది. ఇప్పుడు ఈ నవ్వునూ తీసింది. తీసింది కంపెనీ యాప్‌తో. ఆ యాప్ చూసిన బొమ్మ ఏదైనా కంపెనీదేనని చాలాకాలం కిందట ఓ చాంతాడంత షరతుల జాబితా కింద ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కింది. చదివి నొక్కేవాళ్ళు ఎవరున్నారు గనక.

కొన్నాళ్ళకి ఆ నవ్వు ఊరంతటి ఫోన్లలోనూ ప్రత్యక్షమైంది. బస్టాపుల్లో నిలువెత్తున వెలిసింది. కింద ‘ప్రతి తలకీ మా ప్రేమ’ అని రాసి ఉంది. బ్యాంకువాళ్ళు చూశారు. గొంతులు మార్చుకుని, పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చారు.

చెల్లెలు కేకలెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది.

“పెట్టింది నువ్వు కాదని నాకు తెలుసక్కా. కానీ నీ చేతిలోంచే వెళ్ళింది. నీ ముందు తప్ప ఎవరిముందూ నేనలా నవ్వలేదు.”

చెల్లెలు వేరే ఇంటికి మారిపోయింది. నంబరు మార్చేసింది. ఎక్కడికని చెప్పలేదు.

కత్తెరమ్మ కంపెనీకి ఫోన్ చేసింది. తేనెలాంటి గొంతుతో ఓ అమ్మాయి పలికింది.

“ఆ ఫొటో తీయించెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది.”

“ఆ ఫొటో మీది కాదు మేడమ్, కంపెనీది.”

“తల మా చెల్లెలిది కదమ్మా!”

“మీ బాధ మాకు అర్థమైంది మేడమ్. ఈ కాల్‌కి ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్తారా?”

ఆ తర్వాత బతుకంతా ఒకటే తీరుగా అయిపోయింది. పగలంతా పరాయి తలలు నిమిరిన చేతులు ఇంటికొచ్చాక ఏమీ తోచక ఒళ్ళో పడి ఉండేవి. ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని పొద్దుటిదే తినేది. గదిలో రెండో స్టూలు మీద బట్టలు పడేయడానికి కూడా మనసొప్పేది కాదు. అంత ఒంటరితనంలో ఆవిడకున్న కాలక్షేపం ఒక్కటే, చుక్కని చూస్తూ కూర్చోవడం. అది ఆ గేటు దగ్గర ఉందంటే, తనలో కొంతైనా అక్కడ ఉన్నట్టే కదా అనుకునేది.

ఒకసారి ఉండబట్టలేక బస్సెక్కింది. మందుల షాపు కనబడింది. దిగలేదు. దాక్కున్న మనిషిని వెతికి పట్టుకోవడం కంపెనీ పని, అక్క పని కాదనుకుంది. ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చేసింది.

కంపెనీకి మాత్రం అలాంటి మొహమాటాలు లేవు. చుక్క అన్నాళ్ళు ఒకేచోట నిలబడితే దానికి అనుమానం రాదూ? ఓ సాయంత్రం ఫోను అడిగింది: ‘ఈ ఇంట్లో మీకు తెలిసినవారు ఉన్నారా?’ కింద రెండు గళ్ళు, అవును, కాదు.

కత్తెరమ్మ ‘కాదు’ నొక్కింది. బుద్ధెరిగినప్పటినుంచీ అంత పెద్ద అబద్ధం ఆడి ఎరగదు. నొక్కాక ఆ వేలిని చీరకొంగుతో తుడుచుకుంది.

మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. చివరికి ఆ తేనెగొంతు అమ్మాయే ఫోన్ చేసింది.

“మేడమ్, మీ చుక్క ఇలాగే తిరిగితే ఐడీ మూసేస్తారు. అవునని నొక్కేయండి, చుక్కకో కారణం దొరుకుతుంది. ఆ ఇంట్లోవాళ్ళు మీకేమవుతారో, పేరేంటో ఇస్తే చాలు, మిగతాది మావాళ్ళు చూసుకుంటారు.”

“మిగతాదంటే ఏమిటమ్మా?”

“అంటే... వాళ్ళకి ఏం కావాలో, ఏం నచ్చుతుందో, అలాంటివి మేడమ్.”

“ఆ ఇంట్లో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.”

అమ్మాయి గొంతు తగ్గించి, తేనె లేకుండా అంది: “ఆలోచించుకోండి ఆంటీ. శుక్రవారం సాయంత్రం దాకే టైముంది. ఐడీ పోతే పని పోతుంది.”

కత్తెరమ్మ చుక్కని వెనక్కి తెచ్చుకోవాలని చూసింది, చూడలేదని కాదు. కత్తిరిస్తున్న తల మీదే మనసు పెట్టేది. చుక్క రైల్వే గేటు దాకా వచ్చేది. అంతలో ఆ తల మీద ఏ సుడో చూసి, చెల్లెలికీ సరిగ్గా ఇక్కడే కదా సుడి అనుకునేది. చుక్క గిరుక్కున వెనక్కి తిరిగేది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే వాన పట్టుకుంది. బుక్ చేసుకున్న ఒక్క కస్టమరూ వాన చూసి వద్దనుకుంది. కత్తెరమ్మ కిటికీ దగ్గర స్టూలు మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మ్యాప్‌లో చుక్క గేటు ముందు వణుకుతోంది. ఫోను ఆఖరిసారి అడిగింది: ‘ఈ ఇంట్లో మీకు తెలిసినవారు ఉన్నారా?’

ఈ పని తప్ప ఆవిడకి ఇంకో పని రాదు. కంపెనీ వచ్చాక వీధిలో ఉన్న రెండు బ్యూటీ పార్లర్లూ మూతపడ్డాయి. అవునని ఓ మాట నొక్కితే కూడు దక్కుతుంది. నొక్కితే ఆ సందు చివరి ఇంటికి కూడా నిలువెత్తు ప్రేమలు బయల్దేరతాయి. కత్తెరమ్మ ‘కాదు’ నొక్కింది.

అప్పుడే ఫోను మోగింది. ఎవరిదో తెలియని నంబరు.

“అక్కా,” అంది అవతలి గొంతు. వెనకాల వాన చప్పుడూ, ఎవరో దగ్గు మందు అడగడమూ వినిపిస్తున్నాయి. “నీ చుక్క వానలో తడుస్తోంది. వచ్చి తీసుకుపో.”

అంతే, ఫోన్ పెట్టేసింది.

కత్తెరమ్మ ఫోనుని స్టూలు మీద పెట్టింది. సంచీలోంచి ఒక కత్తెర, ఒక దువ్వెన తీసి జాకెట్లో దోపుకుంది. మళ్ళీ ఫోను వైపు చూసింది. దాన్నక్కడే వదిలేసి, తలుపు దగ్గరికి వేసి బయల్దేరింది. దారి అడగక్కర్లేదు, రోజూ చూస్తున్న దారేగా. రైల్వే గేటు, చెక్కల అడితి, మందుల షాపు, కుడివైపు సందు.

సందు మొదట్లోనే ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి.

చివర గేటు బయట చెల్లెలు గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. గొడుగు తన మీద పట్టుకోలేదు. చెయ్యి చాచి, ఎవరూ లేని చోట గేటు ముందు పట్టి ఉంచింది. తను మాత్రం తడిసి ముద్దవుతోంది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుంది. జుట్టే. చెవుల దాకా వచ్చింది, ఎక్కడా ఒక తీరూ తెన్నూ లేకుండా.

కత్తెరమ్మ నడిచి వెళ్ళి ఆ గొడుగు కింద, ఆ ఖాళీ చోట నిలబడింది. ఆ చోటు ఆవిడకి సరిగ్గా సరిపోయింది.

“నేనెవరో తెలీదన్నావట,” అంది చెల్లెలు.

“నీకెవరు చెప్పారే?”

“కొత్త ఫోను కొంటే ఆ యాప్ అడక్కుండానే వచ్చి కూర్చుంది. రోజూ అడిగేది, గేటు దగ్గరున్న మనిషి మీకు తెలుసా, ఆవిడైతే మీరు తెలియదంటున్నారు అని.”

“నువ్వేం చెప్పావు?”

“నేనసలు దానికి జవాబే చెప్పను.” చెల్లెలు కళ్ళు తుడుచుకుంది, వాననీళ్ళే అన్నట్టు. “ఎన్నిసార్లు అన్నావక్కా, తెలీదని?”

“అడిగినప్పుడల్లా.”

“ఇన్నాళ్ళూ ఇక్కడే నిలబడ్డావు. కాళ్ళు నొప్పులు పుట్టలేదూ?”

కత్తెరమ్మ పుట్టాయన్నట్టు తలూపింది. చెల్లెలు గేటు తీసింది.

లోపల కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్క తువ్వాలుతో తల తుడిచి, సుడి దగ్గర వేలు ఉంచి చూసింది. అక్కడే ఉంది. నెమ్మదిగా దువ్వి, చెవుల దగ్గర, మెడ దగ్గర సరిచేసింది. మధ్యలో ఎప్పుడో సాయంత్రమైంది. బల్ల మీదున్న చెల్లెలి ఫోన్లో నీలి చుక్క ఆరిపోయింది. ఇద్దరూ దాన్ని చూడలేదు.

పనయ్యాక చెల్లెలు మెడ మీది వెంట్రుకలు దులుపుకుని, అక్కవైపు తిరిగి నవ్వింది. “ఎలా ఉంది?”

కత్తెర కింద పెట్టిన చెయ్యి అలవాటు కొద్దీ నడుం దగ్గర తడుముకుంది. అక్కడేమీ లేదు. అందుకని ఆవిడ ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుగువైపు తిప్పుకుని, కళ్ళతోనే చూసింది.