సారొచ్చినా సరే

"మగోడి గుండెల మీద సేతులేసి నొక్కడం నువ్వు నేర్పుతావేటి? ఆ పని నాకొద్దని ఇవాళే సెప్పీ," అన్నాడు మా ఆయన అప్పలసూరి, తన పోర్టు డ్యూటీకి నేను క్యారేజీ కడుతుంటే. వార్డులో మగరోగులకు ఒళ్ళు తుడిచి, మలమూత్రాలు ఎత్తినన్నాళ్ళూ ఈయనకు పరువు గుర్తు రాలేదు. ఆ జీతంతోనే ఇల్లు గడిచింది మరి. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి, ఊరు పెరిగి వార్డులు నిండిపోతున్నాయి. ఆగిన గుండెను తిరిగి ఆడించే పని ఆసుపత్రివాళ్ళు నన్ను మద్రాసు పంపి నేర్పించి, తోటి నర్సులకు నేర్పమన్నారు. అప్పుడు పోయిందట పరువు. నాకు ఒళ్ళు మండింది. మూత గట్టిగా నొక్కి క్యారేజీ చేతికిచ్చాను.

ఆసుపత్రిలో రబ్బరు బొమ్మను నేల మీద పడుకోబెట్టాం. గుండె ఆగిన మనిషి అనుకోవాలి. గంగాలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రొమ్ము నొక్కుతోంది, ఇంకొకామె ఊపిరి సంచి పిసుకుతోంది, మరొకామె ఇంజెక్షను ఎక్కిస్తోంది. "షాకు మిషను పెట్టేటప్పుడు తప్ప సెయ్యి తియ్యొద్దు," అంటున్నాను, పక్కనే కూర్చుని. అంతలో పెద్ద డాక్టరుగారు చూడ్డానికి వచ్చారు. అంతే, అందరూ లేచి చేతులు వెనక్కి పెట్టుకుని గోడవారగా నిలబడ్డారు.

"మరి పేషెంటు ఏటైపోవాల?" అన్నాను.

"సారొచ్చీసేరు కద సిస్టర్!" అంది గంగాలమ్మ బిత్తరపోయి.

నా మోకాళ్ళు కూడా అప్పటికే సగం లేచి ఉన్నాయి. మగవాడు గుమ్మంలోకి వస్తే చేతిలో పని వదిలి లేవాలని అమ్మ నేర్పింది, అత్తగారు నేర్పింది, నర్సుల బడిలో మేట్రన్ నేర్పింది. ఇప్పుడా మర్యాదకి మనిషి చచ్చిపోయాడు. బొమ్మ కాబట్టి సరిపోయింది.

"సార్, మీరోసారి బయటికెళ్ళి మళ్ళీ రండి," అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా బయటికెళ్ళి మళ్ళీ వచ్చారు. ఈసారి గంగాలమ్మ కళ్ళు మాత్రమే పైకి లేచాయి, చేతులు నొక్కుతూనే ఉన్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చి, వంట చేసి, ఆకలికి ఆగలేక కంచం ముందు కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో అప్పలసూరి వచ్చాడు. "సెప్పీసినావా? నీల్లట్టుకురా."

"మొగుడొచ్చినాడు, లెగవేటే?" అంది మా అత్త జోగమ్మ.

సగం అన్నం వదిలి లేచిన పూటలు ఎన్నని చెప్పను. మోకాళ్ళు కదిలాయి. లేవనివ్వలేదు.

"కుండ అక్కడే ఉంది. రేపు కూడా నేర్పడానికి ఎల్తన్నాను," అన్నాను.

చెయ్యి కంచంలోంచి తియ్యలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, అన్నం వేడిగా ఉండగానే తినడం పూర్తిచేశాను.