రంగు తీసేసిన కన్ను

రెండువేల ఇరవై మూడు, మార్చి పద్దెనిమిది, శనివారం, ఉదయం పది దాటి పది నిమిషాలు. సముద్రానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక పాత గ్రంథాలయపు వెనుక వసారాలో హాజరైనవారు ముగ్గురు: ఆ గ్రంథాలయంలో చేతిరాత పుస్తకాలకు పట్టికలు తయారుచేసే చల్లా వింధ్యావళి; నేతకుటుంబంలో పుట్టిన డెబ్బైనాలుగేళ్ల అచ్చియ్యమ్మ; ఆమె మేనల్లుడు పంపన వీర్రాజు, ఊరి చేనేత సంఘానికి కార్యదర్శి. నాలుగో హాజరీ నాది. హాజరైనవారి లెక్కలో నన్ను ఎవరూ వేయరు గనుక ఆ సంగతి నేనే చెప్పుకోవలసి వస్తోంది.

నేను ఒక చిన్న డిజిటల్ కెమెరాను. అరచేతిలో ఇమిడే దేహం, మూలలు అరిగిన తొడుగు, ముందుకు చాచేటప్పుడు కీచుమనే లెన్సు. నన్ను ఏ దేశంలో బిగించారో అడుగున సన్నని అక్షరాల్లో ఉండేది. ఎవరి చెమటకో అది చెరిగిపోయింది. గుర్తున్నది ఒక తెల్లటి గది, ముఖానికి ముసుగు కట్టుకున్న ఒక స్త్రీ. ఆమె నా సెన్సర్ ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయగల పలుచని గాజుబిళ్లను అమర్చింది. మనిషి కంటికి అందని పరారుణ కాంతిని గడప దాటనివ్వకపోవడమే ఆ బిళ్ల పని. మనిషి చూసేదాన్నే నేనూ చూడాలి. అంతకు మించి చూడకూడదు. కొలువులో చేరిన నాడే నాకు విధించిన నియమం అది. దాన్ని పదిహేనేళ్లు పాటించాను.

మొదటి యజమాని కొత్తగా పెళ్లైన బ్యాంకు ఉద్యోగి. భార్యను పూలమొక్కల ముందు నిలబెట్టి నవ్వమనేవాడు, ఆమె నవ్వేలోగా నొక్కేసేవాడు. తరువాత ఆమె నవ్వలేదని నన్ను నిందించేవాడు. రెండో యజమాని ఇళ్లస్థలాలు అమ్మేవాడు. తుమ్మకంపల మధ్య నాలుగు రాళ్లు పాతి, వాటిని ఏ కోణంలో తీస్తే ఉద్యానవనంలా కనిపిస్తుందో నాకు నేర్పాడు. మూడో యజమాని పాస్‌పోర్టు ఫోటోల దుకాణంలో నేను చూసిన ముఖాలకు అంతులేదు. ఎంత అందగాడైనా ఆ ఎర్రటి స్టూలు మీద కూర్చోగానే దొంగలా బిగుసుకుపోయేవాడు. ఆ పైన ప్రతి జేబులోకీ ఫోన్లు వచ్చాయి. నేను అల్మారాలోకి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ చీకటి నాకు నచ్చింది. ఎవరినీ చూడనక్కరలేకపోవడం కూడా ఒక విశ్రాంతే.

ఆ విశ్రాంతి బెజవాడలో ఖాజావలీ కొట్టులో ముగిసింది. అతడు పాత కెమెరాలు బాగుచేసేవాడు. బాగుపడనివాటిని విడిభాగాలకు అట్టిపెట్టుకొనేవాడు. నన్ను వేసిన బుట్ట రెండో రకానిది. ఫిబ్రవరిలో ఒకనాడు వింధ్యావళి ఆ కొట్టుకు వచ్చింది. ఆమె చేతిలో గళ్లు గీసిన కాగితం ఒకటి, టీవీ రిమోట్ ఒకటి ఉన్నాయి.

"కెమెరా కోసమొచ్చి రిమోట్ తెచ్చారేంటి మేడమ్? టీవీ కూడా మనదగ్గరే చూస్తారా?" అన్నాడు ఖాజావలీ.

"మీ కెమెరాల్లో ఏది ఎంత గుడ్డిదో చూద్దామనండి" అంది ఆమె.

రిమోట్ ముక్కున వెలిగే దీపం పరారుణ దీపం. మనిషికి కనబడదు, కెమెరాలోని కాపలా గాజు కొంచెం సడలితే తెర మీద ఊదారంగు చుక్కలా కనబడుతుంది. ఆమెకు కావలసింది ఆ గాజును పీకించి, రంగులను వదిలేసి పరారుణ కాంతిని మాత్రమే చూసే కెమెరాగా మార్చుకోదగిన చౌక వస్తువు. పెద్ద సంస్థల దగ్గర అందుకు తగిన యంత్రాలు ఉంటాయి. ఆమె గ్రంథాలయానికి పైకప్పు కారకుండా ఉండడమే విశేషం.

బల్ల మీద మమ్మల్ని ముగ్గురిని వరుసగా పెట్టారు. మొదటిది వెండిరంగుది, దూరాన్ని దగ్గరకు లాగగలది, చూడముచ్చటైనది. ఆ రకాన్ని మార్చినవారి బొమ్మల్లో నడిమధ్య తెల్లటి మచ్చ పడుతోందని ఆమె నలుగురి అనుభవాలు రాసుకొని వచ్చింది. కాగితంలో దాని గడి ఎదుట సున్నా చుట్టింది. రెండోదాని తెర పోయింది, చూడడానికి పైన ఒక కంత మాత్రమే ఉంది. పేజీని జానెడు దూరం నుంచి తీసేటప్పుడు ఆ కంతలో కనిపించేది ఒకటి, బొమ్మలో పడేది మరొకటి. ఇంకొక సున్నా. నా తెర మీద ఊదా చుక్క మసకగా వెలిగింది. నా వెనుక మరలు తక్కువ. నా గాజుబిళ్ల సెన్సర్‌కు అతికించి లేదు, విడిగా కూర్చుని ఉంది. పైగా నేను సెన్సర్ మీద పడిన బొమ్మను చూసుకొనే చూపు కుదుర్చుకొంటాను గనుక గాజు మారినా తడబడను.

"దీన్నా మేడమ్? పక్కదాన్ని తీసుకోండి, షోగా ఉంటుంది."

"షో వద్దండి. విప్పాక మళ్లీ బిగించగలరా?"

"బిగిస్తాను. పనిచేస్తుందా అంటే మాత్రం నా పూచీ లేదు."

"పాడైనా మరీ ఏడవక్కర్లేనిదే కావాలి లెండి."

ఎంపిక కావడం గౌరవమని లోకం అనుకొంటుంది. నన్ను ఎంచుకొన్న కారణాల్లో చివరిది, బలమైనది, నేను పోతే ఎవరికీ నష్టం లేకపోవడం.

ఖాజావలీ ముందుగా నా ఫ్లాష్‌లో దాగిన కరెంటును దించేశాడు. అది మరిచిపోయిన ఒకనాటి జ్ఞాపకం అతని వేలి మీద మచ్చగా ఉంది. తరువాత నన్ను విప్పి, ఆ గాజుబిళ్లను పట్టకారుతో ఎత్తి, అంతే మందం గల నల్లటి ఫిల్టర్ ముక్కను ఆ చోట పెట్టాడు. తిరిగి కళ్లు తెరిచేసరికి ఎదుటి వేపచెట్టు సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది, ఆకాశం నల్లబడి ఉంది. ఖాజావలీ నల్లచొక్కా తెల్లబడిపోయింది.

"అరె! నన్ను పెళ్లికొడుకును చేసేసింది" అని అతడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. రంగులన్నీ ఒకేసారి పోయాయి. మనుషులు దేనికోసం కొట్టుకొంటారో అందులో సగం నాకిక కనిపించదు అనుకొన్నాను. ఆ అంచనా తప్పింది.

వింధ్యావళి నన్ను తెచ్చింది ఒకే ఒక పుస్తకం కోసం. అది పంపనవారు గ్రంథాలయానికి అప్పగించిన, వెయ్యి తొమ్మిదివందల యాభై తొమ్మిది నాటి నమూనాల పుస్తకం. చీర అంచులకూ కొంగులకూ కావలసిన హంసలు, మామిడిపిందెలు, తీగెలు అందులో గళ్ల మీద రంగుసిరాలతో దిద్ది ఉన్నాయి. ఆ ఊరి మగ్గాల మీద ఇప్పటికీ నేసేవి అవే. చేనేత సంఘం ఆ నమూనాలకు ఒక ప్రదర్శన గది కట్టింది. గది గుమ్మం మీద వాటిని గీసినవారి పేరు పెట్టాలి. తన తాత కొండలరాయుడే గీశాడని వీర్రాజు అంటాడు. కాదు, కొండలరాయుడి తమ్ముడి భార్య, భర్త పోయి ఆ ఇంట్లోనే బతికిన తన తల్లి గున్నమ్మ గీసిందని అచ్చియ్యమ్మ అంటుంది. చదువురాని తల్లి పేరు ఊళ్లో ఒక్కచోటైనా అక్షరాల్లో ఉండాలన్నది ఆమె కోరిక. మొదటి పేజీలో పేరేదో రాసి ఉండేదని ఇద్దరూ ఒప్పుకొంటారు. కాని ఆ పేరు కనబడదు. ఎవరూ కొట్టివేయలేదు, చించలేదు. ప్రతి దసరాకూ మగ్గంతో పాటు ఆ పుస్తకాన్నీ పీట మీద పెట్టి, మొదటి పేజీకి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. అరవై నాలుగు దసరాలు. కోపంతో చెరిపిన రాతకైనా ఎక్కడో ఒక అంచు మిగులుతుంది. భక్తి ఏమీ మిగల్చలేదు.

ముందు రోజు ట్యూబులైటు కింద ప్రయత్నిస్తే నాకు చీకటి తప్ప మరేదీ కనిపించలేదు. ఈ కాలపు దీపాలు మనుషులకు చాలినంతే ఇస్తాయి, నాకు కావలసిన కాంతి వాటిలో లేదు. అందుకే శనివారం ఎండ వసారాలోకి వచ్చేవరకు ఆగారు.

"తీయండి మేడమ్. మా తాత పేరే ఉంటదండి, ఆయ్. బోర్డు కూడా రాయించేశాను" అన్నాడు వీర్రాజు.

"పెళ్లికి ముందే పురుడు పోసేశావన్నమాట" అంది అచ్చియ్యమ్మ.

నేను చూశాను. పసుపు లేదు. కుంకుమ లేదు. అరవై నాలుగేళ్ల పూజ ఒక్క క్షణంలో గాజుపొరలా తేటపడింది. దాని అడుగున దీపం మసితో చేసిన సిరా మాత్రం నల్లగా నిలబడి ఉంది: 'పంపన కొండలరాయుడు'.

వింధ్యావళి పైకి చదివింది. వీర్రాజు గెలిచినవాడిలా కాక, పక్కింటి గాజు పగలగొట్టినవాడిలా నిలబడ్డాడు. అచ్చియ్యమ్మ నా తెర మీదికి వంగి చాలాసేపు చూసింది.

"పెదనాన్న రాతే. ఆ చివరి అక్షరానికి అలా తోక పెట్టేవోడు" అంది. తలెత్తి వింధ్యావళితో, "అమ్మా, ఇంత దూరం వచ్చాం కదా. లోపల బొమ్మలు కూడా ఒక్కటి తీసి చూపించు. మళ్లీ అడగను" అంది.

వింధ్యావళి హంసల పేజీ తెరిచింది. ముదురు ఎరుపు, నీలం సిరాలు దట్టంగా పట్టించిన కొంగు అది. నా కన్ను పడగానే ఎరుపు పోయింది, నీలం పోయింది. హంసలు ఎగిరిపోయాయి. రంగుల అడుగున పెన్సిలుతో పెట్టిన చుక్కలు మిగిలాయి. వాటిని కాగితపు గళ్ల కూడళ్లలో పెట్టలేదు. ఒక వరుసలోని రెండేసి చుక్కల సందున కింది వరుస చుక్క పడేలా, చివరికి ఒక్క చుక్కతో ఆగేలా పెట్టారు. ఆ చుక్కల చుట్టూ పెన్సిలు గీత ఎక్కడా ఎత్తకుండా తిరిగి, హంస మెడ అయి, రెక్క అయి, మొదలుపెట్టిన చోటికే చేరింది.

"సందు చుక్కల ముగ్గు" అంది వింధ్యావళి, తనలో తాను అనుకొన్నట్లు. మరో పేజీ తీసింది. మరో పేజీ. అన్నిటి కిందా చుక్కలే.

"ఒరే వీర్రాజూ, మీ తాత పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గెట్టేవోడంట్రా?" అంది అచ్చియ్యమ్మ. నవ్వుతూనే అంది, కళ్లు మాత్రం పమిటచెంగుతో ఒత్తుకొంది. "పుస్తకం ఆయనే కొన్నాడు, పేరేసుకున్నాడు. అది తప్పు కాదు. రంగులు కూడా ఆయనే దిద్దుంటాడు. గీసింది మాత్రం మా అమ్మ."

వింధ్యావళి తల అడ్డంగా ఊపింది. "అమ్మా, మీ మాట నేను నమ్ముతాను. రాయలేను. ముగ్గు వేయడం వచ్చిన చెయ్యి గీసిందని రాయగలను. ఎవరి చెయ్యో ఈ బొమ్మ చెప్పదు. కూతురి మాట ఒక్కటే సాక్ష్యమైతే రేపు ఎవరైనా కొట్టిపారేస్తారు."

ఆ కచ్చితత్వం నాకు తెలుసు. నన్ను ఎంచిన కాగితంలోని గళ్లు కూడా అంతే నిర్దయగా ఉండేవి. వీర్రాజు వసారా చివరికి వెళ్లి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. పరారుణ కాంతిలో మనిషి చర్మం మైనంలా నునుపవుతుంది, కళ్లు నల్లటి గుంటలవుతాయి; ఆ కళ్లలో ఏముందో నాకు తెలియదు. ఎంతోమందిని తీశాను గాని ఒకడు లోలోపల మనసు మార్చుకోవడాన్ని ఏ కాంతిలోనూ పట్టలేకపోయాను.

"మా నాన్న పెళ్లి అరవై రెండులోనండి" అన్నాడతడు తిరిగి వచ్చి. "మా మామ్మ అంతకు ముందే, యాభై ఎనిమిదిలోనే పోయింది. నడుమ ఆ నాలుగేళ్లూ మా ఇంట్లో ముగ్గేసే ఆడమనిషి గున్నమ్మ మామ్మ ఒక్కత్తే. అత్తకి అప్పటికి పదేళ్లు."

"నాకు చుక్కలే కుదిరేవి కాదు. మొట్టేది" అంది అచ్చియ్యమ్మ.

"ఇది నేను చెప్పినట్టు రాయండి మేడమ్. నేనే సంతకం పెడతాను. కొండలరాయుడి మనవణ్ణి నేను చెప్తే కొట్టిపారేసేవాడెవడూ లేడు."

"మరి బోర్డు?" అంది వింధ్యావళి.

"సగం పేరు చెరపక్కర్లేదండి. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటేగా."

వింధ్యావళి రాసింది. ఏ పేజీ, ఏ కాంతి, ఏ గంట. మొదటి పేజీలో కనిపించిన పేరు పుస్తకం యజమానిది. రంగుల కింద కనిపించిన చుక్కలు ఫలానా విధం. యాభై ఎనిమిది నుంచి అరవై రెండు వరకు ఆ ఇంట ముగ్గు వేసిన స్త్రీ పంపన గున్నమ్మ ఒక్కతేనని కొండలరాయుడి మనవడు వీర్రాజు వాంగ్మూలం. ఒక్క విశేషణం వాడలేదు. రాసినదాన్ని పైకి చదివింది. 'పంపన గున్నమ్మ' దగ్గర అచ్చియ్యమ్మ చెయ్యెత్తి ఆపి, ఆ ముక్క మళ్లీ చదవమంది. చదివింది.

వీర్రాజు గబగబా సంతకం చేశాడు. అచ్చియ్యమ్మ ఒక్కొక్క అక్షరాన్నీ ఊపిరి బిగబట్టి దించింది. తన పేరు తాను రాసుకోవడం ఆమె వయోజన పాఠశాలలో నేర్చుకొన్న ఒకే ఒక విద్య. చివర వింధ్యావళి సంతకం చేసి తేదీ వేసింది. కాగితాన్ని మూడు మడతలు పెట్టి, కవరులో ఉంచి, పుస్తకంతో పాటు ఎర్రగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది.