మూడో లట్జ్

పొద్దున్నే పిల్లని లేపడానికి మా ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, "పిచ్చుకా, మంచు చల్లారిపోతోంది, లేవే!" అనేవాడు. దాని ఆరో ఏట మొదలుపెట్టిన జోకు. పదహారేళ్ళు వచ్చినా అదే జోకు, అదీ అలాగే మొహం చిట్లించుకుని లేవడం. విని విని నా చెవులు తూట్లు పడ్డాయి.

ఆయన స్కేటింగ్ రింకులో మంచు నున్నచేసే బండి నడుపుతాడు. స్కేట్లు గీసిన గీతలన్నీ గీకేసి, నీళ్ళు పరిచి, మళ్ళీ అద్దంలా చేయడం ఆయన పని. నేను కర్టెన్లు కుట్టే షాపులో చేస్తాను. పిల్లని ఎక్కడ వదలాలో తెలియక ఆయనే వెంట తీసుకుపోయేవాడు. అక్కడ కోచ్ మేడం కంట్లో పడింది. పిడికెడంత మనిషి, నేల మీద నిలిచేది కాదు. పిచ్చుక అని పేరు పెట్టింది కూడా మేడమే.

జూనియర్లలో ఉన్నన్నాళ్ళూ దానికి ఎదురు లేదు. అందులోనూ లట్జ్ అనే జంప్‌లో. వెనక్కి వెనక్కి జారుకుంటూ వచ్చి, స్కేటు ముందు పళ్ళు మంచులో గుచ్చి, గాల్లో మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. అది లేచినప్పుడు బిగబట్టిన ఊపిరి, అది దిగాకే వదిలేదాన్ని.

తర్వాత పెరిగింది. పెరగదా మరి? ఎదిగే పిల్ల. ఏడాది తిరిగేసరికి నన్ను దాటేసింది. దాని డ్రెస్సు కుట్లు విప్పి విప్పి, ఇక విప్పడానికి గుడ్డ లేక పక్కన కొత్త ముక్క వేశాను. ఆ ఒళ్ళు నాకే కాదు, దానికీ కొత్తే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఎప్పుడు తిరగాలో అంతా తారుమారైంది. మిగతావి ఎలాగో నెట్టుకొచ్చింది గానీ లట్జ్ మాత్రం పోయింది. ఎగరడం, పడడం. తుంటి మీద కమిలిన చోటే మళ్ళీ కమిలేది. వేడినీళ్ళ కాపడం పెడుతూ "ఇక చాల్లేవే తల్లీ" అంటే, "నువ్వూరుకోమ్మా" అని అటు తిరిగి పడుకునేది.

మేడం చెడ్డ మనిషి కాదు. ఏదున్నా మొహం మీదే అనేస్తుంది. ఒకరోజు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ ఏడు నుంచి సీనియర్. సీనియర్ టీంలోకి వస్తే పొద్దుటి గంట దానిదే. రాకపోతే మిడతకి ఇవ్వాలి. ఏం చెయ్యను, నా చేతిలో ఉన్నది ఒక్క గంట."

ఖాళీ మంచు దొరికేది ఆ గంటే. అది పోతే టికెట్ కొనుక్కుని వచ్చే జనంలో తిరగాలి. అక్కడ లట్జ్ మాట దేవుడెరుగు, చెయ్యి చాపితే ఎవరి కంట్లోనో గుచ్చుకుంటుంది. ఇక మిడత అంటే పదేళ్ళ పిల్ల. దాని బూట్ల లేసులు రోజూ బిగించేది మా పిచ్చుకే.

సెలక్షన్‌కి ముందు మేడం నా ఎదురుగానే దానికి మళ్ళీ మళ్ళీ చెప్పింది. "నీ ఆటలో లట్జ్ రెండుసార్లు పెట్టాం. పడ్డా సరే, చేసినట్టే లెక్క. అవి పోయాయి కదా అని మూడోసారి జోలికి పోయావో, ఎంత అందంగా దిగినా సున్నా. చివర్లో రెండు చుట్ల డబుల్ ఉంది, నువ్వు కళ్ళు మూసుకుని చేసేది. అది చేసి బయటికి రా."

"తెలుసు మేడం," అంది ఇది. నిద్రలో లేపి అడిగినా ఈ పిల్లలు చెప్పే రూలే అది.

ఆ రోజు మొదటి లట్జ్‌కే పడింది. చప్పుడు నా తుంటికి తగిలినట్టయింది. లేచింది, నవ్వు మొహానికి అతికించుకుని మళ్ళీ అందుకుంది. రెండో లట్జ్‌కీ పడింది. డ్రెస్సుకి నేను వేసిన కొత్త ముక్క దగ్గర కుట్టు తెగింది.

కానీ అంతకుముందు వచ్చినవాళ్ళూ ఊడబొడిచిందేమీ లేదు, వాళ్ళూ పడ్డారు. నా పక్కన మేడం వేళ్ళ మీద లెక్క వేసుకుని, "కంగారు పడకండి. ఆ డబుల్ చేస్తే చాలు, ఆఖరి చోటైనా దొరుకుతుంది," అంది. సీనియర్లు జూనియర్ల కంటే అరనిమిషం ఎక్కువ ఆడాలి. డబుల్ ఉన్నది ఆ అరనిమిషంలోనే. పిల్ల నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది.

డబుల్‌కి ముందుకి తిరిగి ఎగరాలి. ఇది తిరగలేదు. వెనక్కి జారుకుంటూ, పొడుగ్గా, ఆ మూల నుంచి ఈ మూలకి వస్తూనే ఉంది.

"వద్దు... డబుల్! డబులే పిచ్చీ!" మేడం అడ్డగోడ మీద రెండు చేతులతో బాదింది.

స్కేటు పళ్ళు గుచ్చుకున్నాయి. లేచింది. మూడు చుట్లూ తిరిగి, ఒంటికాలి మీద, చేతులు చాపి, దిగింది. పిడికెడంత ఉన్నప్పుడు కూడా అంత బాగా దిగలేదు నా కూతురు. హాలంతా చప్పట్లు. బండి దగ్గర నిలబడిన మా ఆయన "అద్దీ!" అని కేక పెట్టాడు. ఆ వెంటనే ఏదో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. మేడం అయితే అడ్డగోడ మీద తల పెట్టేసింది.

ఆఖరి చోటు ఇంకో పిల్లకి పోయింది. డబుల్ చేసి ఉంటే మాదే.

మా ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు అందరి ముందే అరిచాడు. "బుర్ర ఎక్కడ పెట్టావే? చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదా మేడం!"

"మర్చిపోయా నాన్నా," అంది తల వంచుకుని.

ఆయన వెళ్ళి బండెక్కాడు. దాని గీతలన్నీ ఆయనే నున్నగా తుడిచేశాడు. అది ఆయన ఉద్యోగం మరి.

బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి బూట్లు విప్పుతుంటే మెల్లగా అంది. "మర్చిపోలేదమ్మా."

లేసు వదిలి దాని మొహంలోకి చూశాను.

"డబుల్ చేసి టీంలోకి వస్తే, నాకు లట్జ్ పోయిందనే అందరూ అనుకుంటారు. నేనూ అదే అనుకుంటా. పోయిందో లేదో చూసుకోవాలనిపించింది. పడ్డ రెండూ లెక్కేనట, దిగిందేమో లెక్క కాదట. కాకపోతే మానె."

చెంప ఛెళ్ళుమనిపిద్దామనుకున్నాను. "పదేళ్ళ కష్టం మట్టిపాలు చేశావు కదే! చూసుకోవడానికి ఇంకో రోజే దొరకలేదా నీకు?" అన్నాను. అంటూనే దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అంత పొడుగు మనిషి నా ఒళ్ళో ఎలా పట్టిందో నాకే తెలియదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంతలో మిడత వచ్చి నిలబడింది. దానికేం తెలుసు, చిన్నపిల్ల. "అక్కా, రేపట్నుంచి మేడం నన్ను పొద్దున్నే రమ్మంది. లేసులు ఎవరు కడతారు?"

పిచ్చుక మొహం తుడుచుకుని కింద కూర్చుంది. "ఇలా చూడు. వేళ్ళ దగ్గర వదులు, చీలమండ దగ్గర గట్టిగా. నువ్వే కట్టుకోవాలి," అని మూడు నాలుగుసార్లు విప్పించి కట్టించింది. నేను చూడలేక బయటికొచ్చేశాను.

ఇంట్లో ఆయనకి నిజం చెప్పనే లేదు నేను. మర్చిపోయిందనుకుంటేనే ఆయనకి కాస్త తేలిక.

మర్నాడు పొద్దున ఆయన గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కున్నాడు. లేచి నిలబడి, అలవాటుగా "పిచ్చుకా..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. నేను పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూడలేదు. ఆయన అలా గొళ్ళెం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో.

లోపల్నుంచి, దుప్పటి కింద నుంచి, దాని గొంతు వినిపించింది. నిద్ర లేని గొంతు.

"వెళ్ళు నాన్నా, మంచు చల్లారిపోతుంది."