స్వీప్ వెనక సైకిలు

“అమ్మకి డైపరు మార్చేసి వెళ్లు” అన్నారు మా ఆయన, దుప్పట్లోంచి మొహం బయటపెట్టకుండానే. అప్పటికే మార్చేశాను. మార్చి, వీపుకి పౌడరు రాసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, రాగిజావ కాచి ఫ్లాస్కులో పోసి, ఎనిమిదింటి మాత్రలు ఒక గిన్నెలో, పదింటివి ఇంకో గిన్నెలో వేసి, మూతల మీద టైము రాసిన కాగితాలు కూడా అంటించాను. ఒక్క పూట ఇంట్లో లేకపోవడానికి ముందురోజంతా పని చేశాను. ఇంత చేసినా “ఎన్నింటికొస్తావు?” అని దుప్పటి అడిగింది. పన్నెండు లోపు అన్నాను. “పన్నెండంటే పన్నెండే శాలినీ. నిమిషం దాటినా ఇక ఆ సైకిలు సంగతి మర్చిపో. నలభై నాలుగేళ్లొచ్చాక టూర్లేంటి, ఆ ప్యాంట్లేంటి. అపార్ట్‌మెంట్లో అందరూ నన్నడుగుతున్నారు.” అందరూ అంటే ఎవరో ఇంతవరకూ నాకు చెప్పలేదు. ఆయన మాట అన్నారంటే చేస్తారు. సైకిలు కొనుక్కోవడానికి వాచ్‌మన్ బావమరిది రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు కూడా.

ఆ సైకిలు మా అబ్బాయి సాత్విక్ హాస్టల్‌కి వెళ్తూ బాల్కనీలో వదిలేసింది. షుగరు బోర్డర్‌లో ఉంది, నడవమని డాక్టరుగారంటే నేను తొక్కడం మొదలుపెట్టాను. మందు కింద మొదలైంది, పదిరోజులకి మందు సంగతి మర్చిపోయాను. ఆ గంటలో నన్ను ఎవరూ ఏదీ అడగరు. కాలేజీ ఎగ్జామినేషన్ సెక్షన్లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను, ఇప్పటికీ ముఖ్య అతిథి వస్తే బొకే పట్టుకుని నిలబడాల్సింది నేనే, “మేడమ్, టీలు కాస్త చూడండి” అని ప్రిన్సిపాల్ గారు చెప్పేదీ నాకే. ఇంటికొస్తే అత్తగారు. సైకిలు మీద మాత్రం నాకు పెడల్సు రెండే పని. అది పోతే నాకు ఇంకేం లేదు, ఇందులో సిగ్గుపడాల్సింది కూడా లేదు.

మా అత్తగారు సీతారావమ్మ. పద్నాలుగు నెలల కిందట బాత్రూములో పడి వెన్ను విరిగింది. నడుం కింద కదలిక లేదు, డాక్టరు సూదితో గుచ్చినా ఆవిడకి తెలియదు. పడకముందు ఆవిడ నోటికి ఊళ్లో ఎదురులేదు. పెళ్లైన కొత్తలో ఆఫీసుకి మోపెడ్ కొనుక్కుంటానంటే, “మా ఇంట్లో ఆడది రెండు చక్రాలు ఎక్కిన పాపాన పోలేదు” అంది. అంతే, ఇరవై ఏళ్లు బస్సులో నిలబడి వెళ్లాను. ఇప్పుడు ఆవిడకి ఒళ్లు తుడిచేది నేను. జాలి ఉంది, కానీ జాలికన్నా ముందు కోపమే వస్తుంది. పడ్డాక ఆవిడ మాటలు తగ్గిపోయాయి. నిన్న సాయంత్రం మాత్రం అన్నం కలుపుతుంటే అడిగింది, “ఏ దారిన పోతారు?” కరకట్ట మీదుగా తోట్లవల్లూరు, అక్కడ కట్ట దిగి కాలవగట్ల మీద కూచిపూడి, అక్కణ్ణించి సైకిళ్లు వ్యాన్లో వేసుకుని వచ్చేస్తాం అత్తయ్యా అని చెప్పాను. ఆవిడ పుట్టిల్లు అటువైపే. రెండు ముద్దలు తక్కువ తిని కళ్లు మూసుకుంది. అలిగిందనుకున్నాను.

ఐదున్నరకి యనమలకుదురు దగ్గర కట్ట ఎక్కాం. ఉగాది ఇంకా వారముందనగా అంత మంచు పడుతుందని ఎవరనుకుంటారు. కింద అరటితోటలు లేవు, నది లేదు, ముందు సైకిలు వెనకదీపం తప్ప ఏమీ లేదు. నుస్రత్ మా ఆడవాళ్ల సైకిలు గుంపుకి లీడరు, హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది, అందరినీ క్లాసులో పిల్లల్లాగే లెక్కపెడుతుంది. “ఐదుగురం. నేను ముందు, బ్యాంకు అక్కచెల్లెళ్లిద్దరు, ఏంజెల్, చివర్న స్వీప్ శాలిని గారు. మీకైతే ఓపికెక్కువ కదండీ.” ఓపిక అన్న మాట వినబడిందంటే నాకేదో పని పడిందనే అర్థం. స్వీప్ అంటే వరసలో అందరికన్నా వెనక తొక్కే మనిషి. ఎవరికి పంక్చరైనా, ఎవరు అలిసిపోయినా ఆగాలి. వెనకబడ్డవాళ్లని వదిలేసి ముందుకి పోకూడదు. స్వీప్ వెనక ఎవరూ ఉండకూడదు, అదీ రూలు. ఇంట్లో అందరూ తిన్నాక తినేదాన్ని, ఇక్కడా అదే చోటు దొరికిందని నవ్వుకుని ఒప్పుకున్నాను.

పెదపులిపాక దాటాక వెనకనించి చప్పుడు మొదలైంది. కటక్ అని ఒకటి, కాసేపాగి మళ్లీ కటక్. పాత సైకిలుకి చైన్‌కవరు రాసుకుంటే వచ్చే చప్పుడు. పాలవాడేమో, దాటిపోతాడని పక్కకి జరిగాను. దాటలేదు. ఆగాను, అదీ ఆగింది. వెనక్కి చూస్తే తెల్లగా మంచు, దానికి అవతల ఏముందో ఏమో. మళ్లీ తొక్కితే మళ్లీ కటక్. చెవిపెట్టి వింటే తెలిసింది, ఆ పెడలు పూర్తిగా తిరగడం లేదు. సగం కిందికి, మళ్లీ పైకి, మళ్లీ సగం కిందికి. సీటు అందని పిల్లలు పెద్ద సైకిలు కడ్డీ కింద నించి కాలు దూర్చి అలా తొక్కుతారు. ఆ తెల్లవారుజామున కట్ట మీద అంత చిన్నపిల్లలు ఎవరుంటారు? నాకు భయం వేసింది, భయం వేసిందని చెప్పుకోవడానికి కూడా ముందున్నవాళ్లకి నా మాట వినబడదు.

రొయ్యూరు దాటాక మంచు పలచబడింది. రోడ్డుకి ఒక పక్కంతా మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. పట్టా అంచు సర్దుతున్న ఒకావిడ నలుగురినీ ఏమీ అనకుండా పోనిచ్చి, నేను దగ్గరికి రాగానే నడుం మీద చెయ్యేసుకుంది.

“ఏమ్మా, ఆ వెనకమాల పిల్లకి చెప్పు, గింజల మీద తొక్కొద్దని.”

“ఏ పిల్లండీ?”

“అదిగో, నీ వెనకే. పరికిణీ వేసుకుని అంత సైకిలు తొక్కుతుంటే చూస్తా ఊరుకున్నారేంటి మీరంతా? చైన్లో ఇరుక్కుంటే పడిద్ది.”

తిరిగి చూశాను. ఖాళీ రోడ్డు, ఎండ పడి మెరుస్తున్న గింజలు. ఆవిడ మాత్రం ఆ ఖాళీలోకే చూస్తూ, “నెమ్మదిగా పోవే తల్లీ” అని పట్టా లాక్కుంది. నేను గింజల మీదికి పోకుండా జరిగి గబగబా తొక్కాను.

తోట్లవల్లూరులో టీ దగ్గర నుస్రత్‌కి చెప్పాను, మన వెనక ఎవరో వస్తున్నారని. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. “ఐదుగురమే. మీ వెనక ఎవరున్నా మన మనిషి కాదు శాలిని గారూ, వదిలెయ్యండి.” ఏంజెల్ నర్సు. నా కళ్లు కిందికి లాగి చూసి, “రాత్రి ఎన్నిసార్లు లేచారు మీ అత్తగారికి?” అంది. మూడుసార్లు అన్నాను. “మరింకేం. నైట్‌డ్యూటీ చేసిన మర్నాడు నాకూ లేని బెల్లులు వినబడతాయి.” అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. టీ తాగుతుండగా ఫోను. గ్లాసులో పోసిన జావ చల్లారింది, వేడిచెయ్యాలా వద్దా అని మా ఆయన. తాగేముందు చెయ్యండి అన్నాను. పావుగంటకి ఇంకోసారి. “అమ్మ లేవట్లేదు. మాత్రలెలా వెయ్యను?” ఎప్పుడూ ఐదింటికల్లా లేచి పిలిచే మనిషి. ఊపిరి తీసుకుంటోందా అనడిగితే, “తీసుకుంటోంది, నిద్రపోతోంది అంతే. నువ్వొచ్చి చూసుకో” అన్నారు. పడుకోనివ్వండి, లేచాక వెయ్యండి అన్నాను. కన్నతల్లి నిద్రపోతోందో లేదో చూడ్డానికి కూడా ముప్ఫై కిలోమీటర్ల అవతల నించి నేనే రావాలి.

కట్ట దిగి కాలవగట్టు పట్టేసరికి ఎండ మే నెలలా కాసింది. మంచుకి వేసుకున్న జాకెట్లు తీసి నడుముకి కట్టుకున్నాం. మినుము కోసేసిన చేలు వేడి ఆవిర్లు కక్కుతున్నాయి. ఇంత వెలుగులో ఆ చప్పుడు ఉండదనుకున్నాను. ఉంది. అలిసిపోయి, ఆగి ఆగి, నన్ను వదలకుండా వస్తోంది. తొమ్మిదీ పావుకి మళ్లీ ఫోను. “ఇంకా నిద్రే. శాలినీ, నాకెందుకో బాగాలేదు. నువ్వు ఆటో ఏదన్నా మాట్లాడుకుని వచ్చెయ్.” ఇక్కడ ఆటోలు దొరకవండీ, కూచిపూడి చేరితే వ్యాన్ ఉంది, పన్నెండుకి ఇంట్లో ఉంటాను అన్నాను. “గుర్తుంది కదా” అన్నారు. గుర్తుంది. ఇక ముందున్నవాళ్లని అందుకుని వాళ్లతో కలిసి గట్టిగా తొక్కడమే దారి.

తొమ్మిదిన్నరకి నైరుతిమూల నల్లబడింది. చూస్తుండగానే ఎండ ఆరిపోయింది. ముందు గాలి వచ్చింది, కాలవ అవతల అరటితోట వరసకి వరస నేలకి వాలింది, ఎక్కడో కరెంటు తీగ తెగి తుళ్లింది. నుస్రత్ మూడు విజిళ్లు ఊదింది, అంటే ముందు ఊరి బస్‌షెల్టరు దాకా ఆగకుండా తొక్కమని. నలుగురూ వంగి తొక్కేస్తున్నారు. నేనూ లేచి నిలబడి తొక్కాను. మొదట చినుకులు, ఆ వెంటనే వడగళ్లు హెల్మెట్ మీద టపటపమని. అంత రొదలోనూ వెనక కటక్ వినబడుతూనే ఉంది. దూరమవుతోంది. ఇంకా దూరమైంది. ఆ తరవాత సైకిలు రోడ్డు మీద పడిన చప్పుడు. ఆ పైన ఏమీ లేదు.

బ్రేకు వేశాను. ముందు నలుగురూ వానలో కలిసిపోయారు. నాలుగు నిమిషాలు తొక్కితే షెల్టరు, అక్కణ్ణించి కూచిపూడి, వ్యాన్, పన్నెండుకి ఇల్లు, నా సైకిలు నాకు. వెనక ఎవరూ లేరని నుస్రత్ చెప్పింది, ఏంజెల్ చెప్పింది, నా కళ్లూ పొద్దుట్నించి అదే చెబుతున్నాయి. ఎవరూ లేరనుకుని వెళ్లిపోవడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో అందరూ నా పట్ల చేసిందదే. పిలిస్తే పలికే గొంతు, అడిగితే పెట్టే చెయ్యి, అంతకుమించి అక్కడ ఒక మనిషి ఉందని ఎవరికీ కనబడలేదు. కనబడలేదు కాబట్టి లేదు. నేను కూడా అలాగే తొక్కుకుంటూ పోతే ఆయనకీ నాకూ తేడా ఏముంది? కోపంతో ఏడుపొచ్చింది. ఏం చేస్తున్నానో ఆలోచించకుండా సైకిలు దిగి, వెనక్కి తిప్పి, వడగళ్లలో నిలబడ్డాను.

“లే అమ్మా. లేచి రా. నేనున్నాను, తొందరేం లేదు” అన్నాను, ఖాళీ రోడ్డుతో.

చాలాసేపు వాన తప్ప ఇంకేం లేదు. ఆ తరవాత కటక్. కొంచెం ఆగి ఇంకొకటి. దగ్గరికి వస్తోంది. పారిపోవాలనిపించింది, పోలేదు. గట్టు అంచుకి జరిగి దారి ఇచ్చాను. నా పక్కనించి వెళ్లింది. మనిషి లేదు, సైకిలు లేదు. నా మోచేతికి తడిబట్ట తగిలినట్టయింది. రోడ్డంతా పరుచుకున్న వడగళ్ల మధ్య సన్నటి చక్రం జాడ ఒకటి నా కళ్లముందే తనంతట తాను గీసుకుంటూ ముందుకి పోయింది. ఇప్పుడు చప్పుడు నా ముందుంది. నా వెనక ఎవరూ లేరు. నేను మళ్లీ సైకిలెక్కాను.

ఫోను మోగింది. హ్యాండిల్‌కి కట్టిన ప్లాస్టిక్ సంచీలోంచే స్పీకరు నొక్కాను. అటు ఆయన గొంతు, ఎప్పుడూ విననంత చిన్నగా ఉంది.

“శాలినీ. అమ్మ కాళ్లు కదులుతున్నాయి.”

నేను తొక్కుతూనే ఉన్నాను.

“నిద్రలోనే. కుడికాలు సగం కిందికి తోసి మళ్లీ పైకి లాక్కుంటోంది. ఆపకుండా అదే పని. ఇందాక ఒక్క నిమిషం ఆగింది, పోయిందనుకున్నాను. మళ్లీ మొదలుపెట్టింది. జుట్టంతా తడిసిపోయింది శాలినీ, ఫ్యాను కింద ఇంత చెమటేంటి? ఇక్కడ చినుకు కూడా లేదు. రొప్పుతోంది. నాకు భయంగా ఉంది.”

“మొహం ఎలా ఉంది?”

“నవ్వుతోంది” అన్నారు. అమ్మ నవ్వితే ఎలా ఉంటుందో ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. “నేను లేపేస్తున్నా. నువ్వు ఎక్కడున్నా సరే, ఉన్నపళంగా వచ్చెయ్.”

ముందు ఆ చప్పుడు కొంచెం వేగం అందుకుంది. వడగళ్లు ఆగి సన్నటి వాన మిగిలింది. నేను ఒక గేరు తగ్గించి, ఆ చక్రం జాడ చెదిరిపోకుండా దాని పక్కన తొక్కాను.

“అత్తయ్యని లేపకండి” అన్నాను. “కూచిపూడి ఇంకా పదకొండు కిలోమీటర్లుంది. మేమిద్దరం సాయంత్రానికి వస్తాం.”