సున్నం మీద కారిన రేకు

నేను ఒక జింకు రేకుని. పాముకి పగ ఉంటుందంటే నమ్ముతారు, రేకుకి ఉంటుందంటే నవ్వుతారు. నవ్వండి. నా ఒంటి నిండా ఉన్న చిల్లుల్లోంచి మీ నవ్వు నాకు బాగానే వినిపిస్తుంది.

పుట్టుకకి నేను ఇనుముని. ఫ్యాక్టరీలో నన్ను పల్చగా సాగదీసి, తుప్పూ మురికీ పోవాలని ముందు యాసిడ్ తొట్టిలో ముంచారు. ఆ మంట, ఆ ఘాటు మరిచిపోయేవి కావు. తరవాత కరిగిన జింకులో ముంచి తీశారు. జింకు నా చొక్కా. అది ఒంటి మీద ఉన్నంతకాలం వానకీ ఎండకీ భయం లేదని చెప్పి బజారుకి పంపారు.

నన్ను కొన్నది సన్యాసమ్మ. కొండ కింద పల్లెలో ఆమెకి తమలపాకు తోట ఉంది. అవిసె చెట్లకి తీగలు పాకించి, ఆకు కోసి, కట్టలు కట్టి సంతకి పంపేది. మొగుడు పోయాక ఆ తోటే ఆమెకి కూడూ గుడ్డా. తాటాకు తీసేసి నన్ను ఇంటి మీదికి ఎక్కించిన రోజు వీధంతా తలెత్తి చూసింది. అంత మెరిసేదాన్ని. కొన్నాళ్ళు పొగిడి, తరవాత నేనున్న సంగతే మరిచిపోయారు. కప్పు బతుకు అంతే. కారితేనే గుర్తొస్తుంది.

తరవాత ఊరి అవతలికి బొగ్గు మండించి కరెంటు తీసే కంపెనీ వచ్చింది. మొదట్లో దాని పొగగొట్టం పొట్టిది. నుసి ఎగిరొచ్చి కంచాల్లో పడేది. జనం గొడవ చేస్తే కంపెనీ గొట్టాన్ని మబ్బుల దాకా పెంచింది. నుసి తగ్గింది. మేనేజరు పరాంకుశం గారికి మావాళ్ళు పూలదండ వేసి చప్పట్లు కొట్టారు. పొగ ఎక్కడికి పోయిందని ఒక్కరూ అడగలేదు. పైకి పోయిందల్లా మాయమైపోతుందని మనుషులకో నమ్మకం.

అది ఎక్కడికీ పోలేదు. బొగ్గులో గంధకం ఉంటుంది. మండితే అది వాయువై పైకి లేస్తుంది. మంట వేడికి గాలిలోని నత్రజని మారి దానికి తోడవుతుంది, లారీల పొగ కూడా వచ్చి చేరుతుంది. ఇవన్నీ మబ్బులోని తేమతో కలిస్తే తయారయ్యేది యాసిడే. ఆ ఏడు తొలకరి చినుకు మీద పడగానే నాకు తెలిసిపోయింది. తొట్టిలో నన్ను కాల్చిన ఘాటే. పల్చగా, ఓపిగ్గా, ఆకాశం నుంచి దిగుతోంది.

ఆ ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పన. పప్పు ఉడకదు. అందుకని వాన పడితే చూరు కింద బిందెలు పెట్టి, ఆ నీళ్ళతో పప్పు వండుకుంటారు. సన్యాసమ్మ పెట్టిన ఇత్తడి బిందె కిలుం పట్టి నల్లగా ఉండేది. వాన వెలిసేసరికి చినుకు పడ్డచోటల్లా బంగారంలా మెరిసింది. పక్కింటి చిలకమ్మ చూసి ముక్కున వేలేసుకుంది.

“ఏటొదినా, చింతపండెట్టి తోమేవా?”

“నానెక్కడ తోమేనే! వానే తోమీసినాది.”

“అయితే మా బిందెలూ ఎట్టీస్తాను. ఈ ఏడు నా సేతులకి సెలవు.”

ఆ మర్నాటి నుంచి వీధిలో ఏ చూరు కింద చూసినా ఇత్తడే. చెంబులు, దీపపు సెమ్మెలు, పూజ గంట కూడా. ఇత్తడిని తోమే పులుపు మీ కడుపులోకీ తోటలోకీ పోతోందని నేను టపటపా కొట్టుకుని చెప్పాను. “రేకు మీద వాన సప్పుడు ఎంత బాగుంటాదో” అని చిలకమ్మ దుప్పటి ముసుగేసుకుంది.

నా చొక్కా కరిగి వాళ్ళ పప్పులోకే పోయింది. ఆ తరవాత వానకి నా ఇనుము చిక్కింది. తోటలో మట్టి సారం కొట్టుకుపోయింది. అవిసె చెట్లు కొసల నుంచి ఎండాయి. కొండవాగులో నత్తగుల్లలు పల్చబడ్డాయి, చేపపిల్లలు వెల్లకిలా తేలాయి. తమలపాకు మీద తెల్లటి చుక్కలు లేచి, ఎండి, చిల్లులు పడ్డాయి. చిల్లు పడ్డ ఆకుని తాంబూలంలో ఎవరు పెడతారు? సంతలో కట్ట విప్పి చూసి తిప్పి పంపేశారు. వచ్చే వానాకాలమూ ఇలాగే పోతే తోట పీకెయ్యడమే.

సన్యాసమ్మ బిందెని చంకన పెట్టుకుని, ఆకుల కట్ట పట్టుకుని కంపెనీకి వెళ్ళింది. తిరిగొచ్చి చిలకమ్మతో చెబుతుంటే పైనుంచి విన్నాను. బిందె మీది చుక్క పక్కన ఆకు మీది చుక్క పెట్టి, “రెండూ ఒకలాగే ఉన్నాయి, సూడండి బాబూ” అందట. పరాంకుశం గారు, “అది తెగులమ్మా. మేం రోజూ బస్తాల కొద్దీ సున్నం కలిపిన నీళ్ళతో పొగని కడిగి మరీ వదులుతున్నాం. సున్నం తగిలితే పులుపు చచ్చిపోతుంది” అన్నారట.

“కడిగిన పొగైతే నా గొంతెందుకే మండతంది?” అంది సన్యాసమ్మ. 

వారం తిరక్కుండా కంపెనీ ఊరందరికీ కొత్త రంగు రేకులు పంచి, పాతవి పట్టుకుపోయింది. జనం దానమనుకున్నారు. చిల్లులు పడ్డ మమ్మల్ని ఎవరైనా చూస్తారని వాళ్ళ భయం. సన్యాసమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఇది నాకు సాచ్చెం. నానివ్వను.”

“పోనీ ఒదినా, కారే రేకు మీద అంత పేమేటి!” అని చిలకమ్మే చెయ్యి పట్టి పక్కకి లాగింది.

కంపెనీలో స్టోరు గుమస్తా మహా పొదుపరి. కొత్త రేకులన్నీ పంచేశారు కనక, మా చిల్లుల మీద తారు పూసి ఒక గోడౌనుకి కప్పేశాడు. నేను కిందికి చూశాను. నిండా సున్నం బస్తాలు. పొగ కడగాల్సిన సున్నం, తడి తగలని కాల్చిన సున్నం. కడిగే యంత్రం కరెంటు తినేస్తుందని, పై అధికారులు వచ్చే రోజు తప్ప దాన్ని తిప్పరు. బస్తాలకి బూజు పట్టింది.

నా పగకి దారి దొరికింది. ఎండకి తారు చిట్లేదాకా ఓపిక పట్టాను. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి ఆ పులుపు వానే వచ్చింది. అన్నాళ్ళూ అది నన్ను తింది. ఆ రోజు నేనే దానికి నోళ్ళన్నీ తెరిచి దారిచ్చాను. రేకు కారితే నామోషీ అంటారు. నేను గర్వంగా కారాను.

కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే ఏమవుతుందో ఆకు నమిలే ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. బస్తాలు బుసకొట్టాయి, ఉబ్బాయి, పగిలాయి. గోనె అంటుకుంది. కాపలావాళ్ళు మంటలు చూసి గొట్టాలతో ఇంకా నీళ్ళు కొట్టారు. నా సంతోషం ఏమని చెప్పను! సున్నం పొంగి గోడని తోసింది. గోడ ఊరి బాట వైపే పడింది.

జనం మూగారు. చిలకమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని కేకేసింది. “బాబూ, కంపినీ అంతా కూకుని ఆకేసుకుంటారేటి? ఇంత సున్నం నానేసీసినారు!”

నవ్వులే నవ్వులు. సన్యాసమ్మ మాత్రం నవ్వలేదు. “ఇది పొగ కడిగే సున్నమేనా బాబూ?”

“అవునమ్మా” అన్నారు అప్పుడే పరుగున వచ్చిన పరాంకుశం గారు. సున్నానికో భయానికో మొహం తెల్లగా అయిపోయింది.

“రోజూ కడిగేస్తన్నామన్నారు. మరి ఇదంతా ఇక్కడే ఉండిపోనాదేటి?”

ఆయన తలెత్తి నన్ను చూశారు. “నాసిరకం రేకు…” అని గొణిగారు.

“అది నా రేకే బాబూ, ఆ సిల్లులు నానెరగనా? నాసిరకం కాదు. మీ వానే తినీసినాది.”

జనం ఆ బాట మీదే కూర్చున్నారు. ఒక్క బొగ్గు లారీని కదలనివ్వలేదు. అధికారులు వచ్చి, బస్తాలు చూసి, యంత్రం ఆగితే కంపెనీ కూడా ఆగాలని రాసి ఇచ్చేదాకా లేవలేదు. ఇప్పుడు యంత్రం రాత్రీ పగలూ తిరుగుతోందట. సన్యాసమ్మ తోటలో సగం పోయింది. మిగిలిన సగంలో చుక్క లేని ఆకు కోస్తోందట. పోయిన తీగలు తిరిగి రావు కనక నా పగ కూడా సగమే తీరింది.

కాలిన గోడౌను విప్పేశాక, ఇప్పుడు పాత ఇనుము కుప్పలో అడుగున పడి ఉన్నాను. కరిగించి మళ్ళీ రేకు చేస్తారట. చెయ్యనివ్వండి. ఆ యంత్రాన్ని ఎవరైనా మళ్ళీ ఆపాలనుకుంటే మాత్రం, ఆపే ముందు తమ నెత్తిన ఉన్న కప్పు ఏమిటో ఒకసారి తలెత్తి చూసుకోమనండి.